వ్యాన్ సీటును ఆరుబయట కుర్చీగా వాడుకోవడం: పీట, కొక్కెం, తడి

ట్రైబర్_మారతహళ్లి:
అందరికీ నమస్కారం. మాది 2020 నాటి రెనో ట్రైబర్. దీని మూడో వరుసలోని రెండు సీట్లనూ విడివిడిగా బయటికి తీసుకునేలా కంపెనీయే తయారు చేసింది. ఏడుగురు కూర్చునేలా సీట్లన్నీ ఉంచితే వెనుక 84 లీటర్ల స్థలమే మిగులుతుంది, ఆ రెండూ తీసేస్తే 625 లీటర్లు వస్తుంది. మేము నలుగురమే కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం ఆ సీట్లు బాల్కనీలో దుమ్ము పట్టి పడి ఉంటాయి. సెలవుల్లో గండికోటకో, హార్స్‌లీ కొండకో వెళ్లి గుడారం వేసుకున్నప్పుడు మాత్రం మేము చాప మీద కూర్చుని నడుములు పట్టుకుంటాము. ఆ సీట్లను బండిలోనే ఉంచుకుని వెళ్లి, అక్కడ బయటికి తీసి కుర్చీలుగా వాడుకోవచ్చు కదా అన్నది నా ఆలోచన.

పార్కింగ్ స్థలంలో ఒక సీటు పెట్టి చూశాను. రెండు ఇబ్బందులు కనిపించాయి. వీపు వెనక్కి ఆన్చగానే సీటు మొత్తం వెనక్కి ఒరుగుతోంది. మెత్త నేలకు మరీ దగ్గరగా ఉండడం వల్ల మోకాళ్లు గడ్డం దాకా వస్తున్నాయి. సీటుకు రంధ్రాలు చేయడం గాని, వెల్డింగ్ పెట్టించడం గాని నాకు ఇష్టం లేదు, ఎందుకంటే తిరిగి వచ్చాక అదే సీటులో మా అత్తగారినో, పిల్లల స్నేహితులనో కూర్చోబెట్టాలి. ఈ పని ఎవరైనా చేసి ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

పీణ్య_వర్క్‌షాప్:
మీ సీటు వెనక్కి ఒరగడంలో దాని తప్పేమీ లేదు. ఇంట్లో కుర్చీకి నాలుగు కాళ్లుంటాయి, వెనుక కాళ్లు వీపు భాగం కంటే కొంచెం బయటికి వాలి ఉంటాయి, అందువల్ల మనం ఎంత వెనక్కి వాలినా మన బరువు ఆ నాలుగు కాళ్ల మధ్యనే పడుతుంది. వ్యాన్ సీటును గీసే ఇంజనీరుకు ఆ అవసరమే లేదు. అతని లెక్కలో సీటు నేలలోని ఇనుప కడ్డీలను కొక్కేలతో పట్టుకుని ఉంటుంది, కాబట్టి వెనుక కాలు సరిగ్గా మెత్త, వీపు కలిసే చోటికి కిందనో, ఇంకొంచెం ముందుకో ఉన్నా సరిపోతుంది. వెనక్కి పడే బలాన్నంతా ముందు కొక్కెం కిందికి లాగి పట్టుకుంటుంది. బయట నేల మీద ఆ కొక్కేనికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మీరు పాదాలతో నేలను కాస్త తన్ని వెనక్కి వాలినప్పుడు బరువు వెనుక కాలిని దాటిపోతుంది, సీటు పడిపోతుంది.

కాబట్టి సీటును ముట్టుకోకుండా దాని కింద ఒక పీట చేయించండి. బండి నేలలో ఉన్న కడ్డీల్లాంటివే ఆ పీట మీద అదే దూరంలో బిగిస్తే సీటు బండిలో పట్టుకున్నట్టే పీటనూ పట్టుకుంటుంది. పీట వెనుక అంచు, వీపు భాగం పైకొస నుంచి కిందికి దారం వదిలితే పడే చోటును దాటి కనీసం ఒక జానెడు ఉండాలి. ముందు వైపు అంత అవసరం లేదు, మెత్త అంచు వరకు ఉంటే చాలు, అంతకు మించితే పాదాలకు తగులుతుంది.

కడ్డీ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. బండిలోని కడ్డీ మందాన్ని వెర్నియర్‌తో, అంటే మిల్లీమీటరులో భాగాలను కూడా చూపే కొలత పనిముట్టుతో, కొలిచి, సరిగ్గా అదే మందం ఉన్న గుండ్రటి ఇనుప కడ్డీనే వాడండి. మిల్లీమీటరు లావైతే కొక్కెం పూర్తిగా మూసుకోదు, సన్నమైతే వదులుగా ఉండి గలగలమంటుంది. కొన్ని బండ్లలో కొక్కెం పూర్తిగా పడకపోతే ఎర్రటి గుర్తు బయటికి కనబడుతుంది, మీ దానిలో అలాంటిది ఉంటే పీట మీద పెట్టినప్పుడు కూడా దాన్నే కొలమానంగా తీసుకోండి.

మడత_కుర్చీ:
ఎవరి ఉత్సాహానికీ అడ్డు రావాలని కాదు గాని, ఇది కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంది. మడత కుర్చీ మూడు నాలుగు కిలోల బరువుంటుంది, సంచిలో పెట్టి భుజాన వేసుకోవచ్చు. మీరు సీటు, దాని కింద పీట, దానికి కడ్డీలు అంటున్నారు. పైగా మూడో వరుస సీట్లు బండిలోనే ఉంచుకుంటే మిగిలేది 84 లీటర్లే అని మీరే రాశారు. నలుగురి గుడారం, దుప్పట్లు, పొయ్యి, వంట సామాను ఎక్కడ పెడతారు? సీటు కోసం సామానును వదులుకోవడం, సామాను కోసం సీటును వదులుకోవడం, ఈ రెండింటిలో ఒకటి తేల్చుకోక తప్పదు.

ట్రైబర్_మారతహళ్లి:
మీ ప్రశ్న న్యాయమైనదే. రెండు సీట్లలో ఒకదాన్ని ఇంట్లో వదిలి, ఒకదాన్ని మాత్రమే తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. అలా చేస్తే వెనుక సగం భాగం సామానుకు మిగులుతుంది, గుడారమూ దుప్పట్లూ పైకప్పు మీది క్యారియర్‌లోకి పోతాయి. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, నడుము కూడా అంతంత మాత్రమే. బట్ట కుర్చీలో కూర్చుంటే ఆయన వీపు గుండ్రంగా వంగిపోతుంది, పైకి లేవాలంటే ఇద్దరు చేయి అందించాలి. గట్టి వీపు ఉన్న ఒక్క కుర్చీ ఉంటే ఆయన కూడా మాతో వస్తారు. నేను వెతుకుతున్నది ఆ ఒక్క కుర్చీ కోసమే.

బెళ్లందూరు_గృహిణి:
మీ నాన్నగారి కోసమే అయితే ఎత్తు విషయం ముందు ఆలోచించండి. మా అత్తగారి కోసం ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలత ఏమిటంటే, కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, తొడలు మోకాళ్ల కంటే కిందికి దిగకూడదు. మామూలు భోజనాల బల్ల కుర్చీ నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. వ్యాన్ వెనుక సీటు అంతకంటే చాలా కిందికి ఉంటుంది, అందులోంచి లేవడం పెద్దవారికి శిక్ష. పీట ఎత్తు ఎంత ఉండాలో వారిని కూర్చోబెట్టి, కింద ఇటుకలో పుస్తకాలో పేర్చి చూసి నిర్ణయించండి. మెత్త మీద కూర్చోగానే అది కొంత దిగుతుంది కాబట్టి ఖాళీ సీటును కొలిచి లెక్క వేయకండి.

ఇంకొక మాట. ఈ సీట్లకు చేతులు ఉండవు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు లేచేటప్పుడు బరువంతా చేతుల మీద వేస్తారు. పీటకు ఒక పక్కన నిలువుగా పైపు పెట్టి పైన పిడి లాంటిది అమర్చగలిగితే మెత్త ఎంత బాగుందన్న దానికంటే అదే వారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

సియెన్నా_నుంచి_ఈకో:
నేను కొంత కాలం అమెరికాలో ఉండి బెంగళూరుకు తిరిగి వచ్చినవాణ్ని. అక్కడ ఈ అలవాటు పాతదే. ఆటల మైదానం పక్కన వ్యాన్ నిలిపి, వెనుక బెంచీని దించి దాని మీద కూర్చుని తినడం చాలా మంది చేసేవారు. క్రైస్లర్ వారు 1996 నమూనా వ్యాన్లలో తీసే బెంచీలకు అడుగున చిన్న చక్రాలు పెట్టారు, ఆ బరువును గ్యారేజీలోకి దొర్లించుకుపోవడానికి. 2005 నమూనాలో సీటు నేలలోకే మడుచుకుపోయే ఏర్పాటు తెచ్చారు, దానితో సీట్లు మోసే బాధ తప్పింది. యూరప్‌లో 1984లో వచ్చిన మొదటి రెనో ఎస్పాస్‌లో అయితే ముందు సీట్లు వెనక్కి తిరిగేవి, మధ్య సీటు వీపును మడిస్తే బల్లగా పనికొచ్చేది, వెనుక సీట్లను ఒక్కొక్కటిగా తీసేయవచ్చు. మీ ట్రైబర్‌లో కనిపించే ఆలోచన అక్కడి నుంచి వచ్చిందే అనుకుంటాను.

ఒక హెచ్చరిక మాత్రం తప్పక చెప్పాలి. టొయోటా సియెన్నాలో 2021 నమూనాకు ముందు రెండో వరుస సీట్లను చేతితోనే తీసేసేవాళ్లం. ఆ నమూనా నుంచి ఆ వీలు లేకుండా పోయింది, కారణం ఆ సీట్లలోనే పక్క ఎయిర్‌బ్యాగులు రావడం. ఈ చర్చ చదివి ఎవరైనా తమ బండి ముందు సీటునో, రెండో వరుస సీటునో విప్పాలని చూస్తే, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న పట్టీ ఉందేమో, అడుగున పసుపు రంగు కనెక్టర్ ఉందేమో ముందు చూడండి. పసుపు రంగు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటు బయట కూర్చోవడానికి పనికిరాదు, దాన్ని విప్పడం ఇంట్లో చేసే పనీ కాదు. కంపెనీయే తీయడానికి వీలుగా చేసిన సీటుకూ, బోల్టులు విప్పి మనం తీసే సీటుకూ ఉన్న అసలు తేడా ఇదే.

ఆర్సీ_పుస్తకం:
సాంకేతిక విషయాల మధ్య చట్టం మాట ఒకటి చెబుతాను. బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఎంతమంది కూర్చోవచ్చో రాసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన దానికీ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ట్రైబర్ సీటును తీసి, తిరిగి పెట్టడం తయారీదారు ఉద్దేశించిన వాడకమే కాబట్టి ఇందులో చిక్కు లేదు. అయితే ఇన్నోవా లాంటి బండిలో బోల్టులతో బిగించిన మధ్య సీట్లను శాశ్వతంగా తీసేసి, ఆ ఖాళీలో పరుపు వేసుకుని తిరిగేవారు చాలామంది ఉన్నారు. వారిది వేరే సంగతి. కుర్చీల కోసం బండి సీట్లను బలి చేయాలనుకునేవారు పాత బండి సీటును విడిగా కొనుక్కోవడమే మంచిది.

పుదుపేట_చెన్నై:
విడిగా కొనడం గురించి నేను చెప్పగలను. చెన్నైలో పుదుపేట, బెంగళూరులో శివాజీనగర్ గుజరీ (పాత సామాను) వీధులు ఈ సీట్లకు పుట్టిళ్లు. నాది మారుతి ఓమ్ని పాత సీటు. ఆ బండి 1984లో వచ్చి 2019లో ఆగిపోయింది కాబట్టి విప్పి అమ్మే ఓమ్నిలకు ఇప్పట్లో కొదవ లేదు. దాని సీటులో సన్నటి పైపు చట్రం, దాని మీద పలచటి ఫోమ్, అంతకు మించి ఏమీ ఉండదు. వైర్లు లేవు, ఎయిర్‌బ్యాగ్ లేదు, ఒక చేత్తో ఎత్తవచ్చు. ఇన్నోవా కెప్టెన్ సీటు చూడడానికి సింహాసనంలా ఉంటుంది గాని ఇద్దరు పట్టాలి, దాన్ని మేడ మెట్లు ఎక్కించేసరికి విహారం మీద విరక్తి పుడుతుంది.

దుకాణంలో కొనేటప్పుడు మెత్త పైగుడ్డ చూసి మురిసిపోవద్దు. సీటును తలకిందులు చేసి చట్రం అతుకుల దగ్గర చూడండి. తుప్పు పొరలుగా ఊడుతుంటే వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. వరద నీట మునిగిన బండి సీటు అయితే ఎంత ఎండబెట్టినా బురద వాసన పోదు. ఓమ్ని సీటుకు వెనుక కొక్కేల బాధ లేదు, కాబట్టి నేను నేరుగా చట్రానికే పైపు కాళ్లు వెల్డింగ్ పెట్టించాను. అది తిరిగి ఏ బండిలోకీ వెళ్లేది కాదు కాబట్టి నాకు ఆ స్వేచ్ఛ ఉంది, ట్రైబర్ గారికి లేదు.

ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు సముద్రపు ఒడ్డుకు తీసుకువెళితే రెండు సమస్యలు. సన్నటి కాళ్లు ఇసుకలో దిగిపోతాయి, కాబట్టి ముందు వెనుకల పొడవునా పడుకున్న పైపులు, స్లెడ్జి పట్టాల్లాంటివి ఉండాలి. ఉప్పు గాలికి నల్ల పెయింటు ఒక్క వర్షాకాలం కూడా నిలవదు, పౌడర్ కోటింగ్ వేయించండి, వెల్డింగ్ అతుకుల దగ్గర ముందుగా జింక్ ప్రైమర్ పూయించండి.

పీణ్య_వర్క్‌షాప్:
పీట దేనితో చేయాలని ట్రైబర్ గారు విడిగా అడిగారు, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను. అందరూ ఇనుము బరువు, చెక్క తేలిక అనుకుంటారు. లెక్క వేస్తే అలా ఉండదు. 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందంది, మీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల పొడవు ఉన్న చట్రానికి మధ్యలో రెండు అడ్డ పైపులు కలిపితే దాదాపు నాలుగు మీటర్లు అవుతుంది, అంటే ఐదున్నర కిలోలు, కాళ్లు అదనం. అదే కొలతకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక కోస్తే అది కూడా సుమారు ఐదున్నర కిలోలే. 12 మిల్లీమీటర్ల పలక తీసుకుని, కింద రెండు చెక్క పట్టీలు నిలువుగా బిగిస్తే బరువు బాగా తగ్గుతుంది, గట్టిదనం తగ్గదు, ఎత్తు కూడా ఆ పట్టీలతోనే వస్తుంది.

నేను ప్లైవుడ్ వైపే మొగ్గుతాను. ఇనుప పని చేసేవాణ్ని ఇలా అనడం చూసి మా షాపులో నవ్వుతారు గాని, పలక సీటు అడుగు భాగం మొత్తాన్ని మూసేస్తుంది. దాని లాభం కూర్చోవడంలో కంటే బండిలోకి తిరిగి పెట్టేటప్పుడు తెలుస్తుంది. ఆ కొక్కెం మామూలు గొళ్లెం కాదు, గుద్దుకున్నప్పుడు సీటునూ అందులోని మనిషినీ పట్టి ఉంచే భాగం. దాని లోపల ఒక స్ప్రింగు, ఒక పళ్ల నాలుక ఉంటాయి. గండికోట ఎర్ర దుమ్ము, కణ్వ జలాశయం ఒడ్డు బంకమట్టి అందులోకి చేరితే పైకి టక్కుమని చప్పుడు వస్తుంది, లోపల నాలుక సగమే పడి ఉంటుంది. మీరు సీటు బిగిసిందనే అనుకుంటారు. ఈ కారణం చేతనే కంపెనీ సీటును నేరుగా మట్టి మీద పెట్టవద్దని అంటాను, వెనక్కి ఒరగడం దాని తరువాతి మాట.

శుభ్రం చేయడానికి పొడి బ్రష్షు, గాలి పంపు చాలు. గ్రీజు మాత్రం పూయకండి, అది దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. సీటును తిరిగి పెట్టాక వీపు పైకొసను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా కుదిపి చూడండి.

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 710 ముద్ర ఉన్న మెరైన్ రకం అడగండి, ఐఎస్ 303 మామూలు రకానిది. అంచులకు వార్నిషు రెండు మూడు పూతలు వేయండి, ప్లైవుడ్ తడిసేది ముఖం నుంచి కాదు, అంచుల నుంచి. కడ్డీని పట్టే క్లాంపులకు చెక్క స్క్రూలు వద్దు, పలకకు అడ్డంగా బోల్టు దించి, కింద వెడల్పాటి వాషరు వేసి నైలాక్ నట్టుతో (కుదుపులకు వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు) బిగించండి. కొక్కెం పైకి లాగే బలానికి స్క్రూలు ఊడి వస్తాయి.

మడత_కుర్చీ:
కొక్కెంలో మట్టి గురించి మీరు రాసింది చదివాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. కుర్చీ సౌఖ్యం కోసం ప్రాణాలు కాపాడే భాగాన్ని మట్టిలోకి దించడం ఎందుకు? పెద్దాయన కోసమే అయితే చేతులున్న గట్టి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి క్యారియర్ మీద బోర్లించి కట్టుకుపోండి. మన పల్లెల్లో పెళ్లిళ్ల నుంచి పంచాయతీల దాకా దాని మీదే నడుస్తున్నాయి.

బెళ్లందూరు_గృహిణి:
ప్లాస్టిక్ కుర్చీ మీద పెద్దవారు అరగంటకు మించి కూర్చోలేరు, సాయంత్రమంతా కూర్చోవాలంటే మెత్త కావాలి. అయితే మీరన్న చేతుల సంగతి మాత్రం నిజం.

జేసీరోడ్_కుట్టుపని:
మాది జె.సి. రోడ్డులో సీటు కవర్ల పని, మా తండ్రిగారు హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంతవరకు ఎవరూ తడి గురించి మాట్లాడలేదు, మా దగ్గరికి వచ్చే పాడైన సీట్లలో సగం దానితో పోయినవే.

సీటు లోపలి ఫోమ్ నిండా ఒకదానిలోకి ఒకటి తెరుచుకున్న సన్నటి గాలి గదులు ఉంటాయి. పైన ఒక చెంబు నీళ్లు ఒలికితే అవి అడుగు దాకా దిగుతాయి, తిరిగి పైకి రావు. బెంగళూరు చుట్టుపక్కల కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున మంచు బాగా కురుస్తుంది. రాత్రంతా సీటును బయట వదిలేస్తే ఉదయం పైగుడ్డ తడిగా అనిపిస్తుంది, మధ్యాహ్నానికి ఆరినట్టు ఉంటుంది, లోపల మాత్రం చెమ్మ ఉండిపోతుంది. ఆ సీటును బండిలో పెట్టి అద్దాలు మూసి ఎండలో నిలిపితే నాలుగు రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది. అందువల్ల చీకటి పడ్డాక వాడడం అయిపోగానే సీటును బండిలోకి ఎక్కించండి, లేదా గుడారం లోపలికి తీసుకోండి.

రెగ్జిన్ కవర్ వేస్తే చాలదా అని అడుగుతారు. రెగ్జిన్ నీళ్లు ఆపుతుంది గాని కుట్టు సూది వేసిన ప్రతి రంధ్రం నుంచీ నీరు లోపలికి పోతుంది, పోయిన నీరు ఆరడానికి మాత్రం దారి ఇవ్వదు. విడిగా తొడిగి తీసేసే కవర్ కుట్టించుకోండి. పైన నీరు పట్టని క్యాన్వాసు, వీపు వెనుక జిప్పు, మెత్త అడుగున కూడా గుడ్డ. అడుగు ఎందుకంటే రాత్రి నేల నుంచి చెమ్మ పైకి లేస్తుంది, అందరూ పై నుంచి వచ్చే నీటినే చూస్తారు. తిరిగి వచ్చాక ఆ కవర్ ఉతుక్కోవచ్చు, సీటు గుడ్డ కొత్తగా ఉంటుంది, పొగ వాసన కూడా పట్టదు.

పొరపాటున తడిస్తే పొడి తువ్వాలు వేసి మోకాలితో అదిమి నీరు పీల్చండి, తరువాత సీటును నిలువుగా ఆనించి ఫ్యాను కింద ఉంచండి. విప్పిన ఫోమ్‌ను రోజుల తరబడి ఎండలో పెట్టకండి, పసుపు రంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. బండిలోకి తిరిగి వెళ్లే సీటులో ఫోమ్ మందం మార్చమని కూడా మమ్మల్ని అడగవద్దు. మెత్త ఎత్తు మారితే బెల్టు తుంటి ఎముక మీద పడాల్సింది పొట్ట మీద పడుతుంది. పుదుపేట గారి ఓమ్ని సీటు లాంటి దానికి అయితే 40 సాంద్రత ఫోమ్ వేసి ఇస్తాము, హాయిగా ఉంటుంది.

సియెన్నా_నుంచి_ఈకో:
తడితో పాటు నిప్పు గురించి కూడా రాయాలి. బండి లోపలి గుడ్డలూ ఫోమూ మంట అంటుకోనివని చాలామంది నమ్మకం. భారతీయ ప్రమాణం ఐఎస్ 15061 చెప్పేది, అడ్డంగా ఉంచిన ముక్క మీద మంట నిమిషానికి 100 మిల్లీమీటర్ల కంటే వేగంగా పాకకూడదని మాత్రమే. అంటే అది కాలుతుంది, నెమ్మదిగా కాలుతుంది, ప్రయాణికులు దిగిపోయే వ్యవధి ఇస్తుంది. చలిమంట నుంచి ఎగిరిన ఒక నిప్పురవ్వ పాలిస్టర్ గుడ్డను కరిగించి ఫోమ్ లోపలికి దిగితే పైకి చిన్న చిల్లే కనిపిస్తుంది, లోపల రాజుకుంటూ ఉంటుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడా ఉంటుంది. గాలి వీచే వైపు చూసుకుని సీటును మంటకు గాలి వచ్చే వైపున, నాలుగైదు అడుగులు కాదు, పది అడుగుల దూరంలో పెట్టండి. అటవీ శాఖ స్థలాల్లో మంట వేయడమే నిషేధం కాబట్టి అక్కడ ఈ ప్రశ్నే రాదు. పడుకునేటప్పుడు సీటును గుడారంలోకి తీసుకునేవారు ముందు అరచేతితో మెత్తంతా తడిమి చూడాలి.

ఆర్సీ_పుస్తకం:
దారిలో సీటును ఎలా తీసుకువెళ్లాలో కూడా ఒక మాట. కొక్కేలకు పెట్టి బిగించి తీసుకువెళితే ఏ ఇబ్బందీ లేదు. విప్పి సామానులా అడ్డంగా పడేసి, పైన దుప్పట్లు కప్పి తీసుకుపోయే అలవాటు ప్రమాదకరం. గట్టిగా బ్రేకు వేస్తే అంత బరువు ముందు కూర్చున్నవారి మెడ మీదికి వస్తుంది. పీట విషయంలోనూ అంతే, దాన్ని రెండో వరుస సీటు వీపుకు ఆనించి, నిలువుగా, రాట్చెట్ పట్టీతో కట్టండి.

ట్రైబర్_మారతహళ్లి:
మీ అందరి సలహాలతో పీట తయారైంది, గత వారాంతం గండికోటలో వాడాము. ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది, కింద రెండు టేకు పట్టీలు, ఎడమ పక్కన ఊతకర్ర పిడి లాంటి పైపు. ఎత్తు తేల్చడానికి నాన్నగారిని పాత పత్రికల కట్టల మీద పెట్టిన సీటులో కూర్చోబెట్టి, ఒక్కో కట్ట పెంచుతూ చూశాము. ఆయన చేయి అందించకుండా లేవగలిగిన ఎత్తు దగ్గర ఆపేశాము. వెనుక అంచు పీణ్య గారు చెప్పిన జానెడు కంటే నాలుగు వేళ్లు ఎక్కువే ఉంచాను, పిల్లలు వీపు మీదికి ఎక్కి వేలాడతారన్న భయంతో.

పెన్నా లోయ అంచున ఆ బండరాళ్ల మీద ఎక్కడా సమతలం ఉండదు. నాలుగు మూలలూ ఒకేసారి ఆనక పీట కటకటలాడింది. అక్కడికక్కడే ఒక మూల కింద చెప్పుల జతలో ఒక చెప్పును దూర్చి ఆపాము. ఇంటికి వచ్చాక రెండు ముందు మూలలకు మరతో ఎత్తు మార్చుకునే రబ్బరు పాదాలు బిగించాను, గ్యాస్ పొయ్యి బల్లలకు వేసేలాంటివి. నాన్నగారు చీకటి పడేదాకా అందులోనే కూర్చున్నారు, నా తమ్ముడి మడత కుర్చీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అయితే మడత_కుర్చీ గారు చెప్పిన స్థలం లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లు నిజమైంది. పొయ్యి, నీళ్ల డబ్బా పెట్టడానికి చోటు లేక పిల్లల కాళ్ల దగ్గర పెట్టుకుని ప్రయాణం చేశాము. మా ఇద్దరి కోసం రెండో సీటు కూడా తీసుకువెళ్లే ఆలోచన మానుకున్నాను.

ఉదయం సీటును బండిలో పెట్టబోతుంటే మెత్తకూ వీపుకూ మధ్య సందులోంచి ఒక జెర్రి బయటికి వచ్చింది. రాతి నేల మీద సీటు పెట్టేవారు ఆ సందును కర్రతో తట్టి చూడకుండా చేయి పెట్టవద్దు.

మడత_కుర్చీ:
నాన్నగారు సుఖంగా కూర్చున్నారు కాబట్టి నా వాదన ఆయన వరకు ఉపసంహరించుకుంటున్నాను. మిగిలినవారికి మడత కుర్చీయే.

కేఆర్‌పురం_ఈకో:
చర్చ అంతా చదివాను. నాది మారుతి ఈకో. ఇదే పీట కొలతలు నాకు పంపిస్తే వెనుక సీటుకు చేయించుకుంటాను. అలాగే నంది కొండ దగ్గర కోతుల బెడద ఎక్కువ కదా, సీటు గుడ్డ ఏమవుతుందో అన్న భయం కూడా ఉంది.

పీణ్య_వర్క్‌షాప్:
ఈకో వెనుకది ఒకే బెంచీ, నేలకు బోల్టులతో బిగించి ఉంటుంది, ట్రైబర్‌లోలా కొక్కేలతో పట్టుకునేది కాదు. దాన్ని ప్రతి విహారానికీ విప్పి బిగిస్తుంటే మరలు అరిగిపోతాయి, సరైన బిగువు రాదు, ఆర్సీ_పుస్తకం గారు చెప్పిన చట్టం చిక్కు కూడా ఉంది. ట్రైబర్ గారి కొలతలు మీకు పనికిరావు. ఇతర తీసే సీట్ల వారికి కూడా నేను చెప్పేది ఒకటే, ఎవరి బండి నేలలోని కడ్డీల మధ్య దూరాన్ని వారే అట్టముక్క మీద అచ్చు తీసుకుని వెల్డరు దగ్గరికి వెళ్లండి, ఫోటో చూపించి చేయించవద్దు. మీకు మాత్రం శివాజీనగర్‌లో ఓమ్ని సీటు వెతుక్కోవడం తేలిక, అది ఈకో వెనుక అడ్డంగా పడుతుంది, పట్టీతో కట్టడం మాత్రం మరవకండి.

జేసీరోడ్_కుట్టుపని:
కోతులకు గుడ్డ అక్కర్లేదు, మెత్త సందులో పిల్లలు రాల్చిన వేరుశనగలు కావాలి. వాటి కోసం ఫోమ్ దాకా పీకుతాయి. కవర్ అడుగు గుడ్డను మెత్త చుట్టూ నాడాతో బిగించి కట్టేలా కుట్టించుకుంటే ఆ సందు మూసుకుపోతుంది, జెర్రులకు కూడా దారి ఉండదు. ఓమ్ని సీటు దొరికాక దాన్ని తీసుకుని రండి, కొలత సీటు మీదే తీయాలి.